పైకిటికీలో పాత చీర

"ఆ కన్నంలోంచి సలిగాలి దిగుతంది, అమ్మీ. సూడు, నేరుగా సంటిదాని మాడు మీదికే దిగుతంది. రేపు ఏటైనా అయితే ఎవుల్ని అడగాల?"

తవిటమ్మ ఈ మాట అన్నప్పటికి ఏమీ కాలేదు. చేతిలో సంచి కూడా కింద పెట్టలేదు. గుణుపూర్ దగ్గరి పల్లెలో చీకటుండగా బయల్దేరి, బస్సులో రాయగడ చేరి, అక్కడ రైలెక్కి, సొరంగం వెనక సొరంగం దూరుకుంటూ కొండలెక్కి, కోరాపుట్‌లో దిగి, ఆటోలో వణుక్కుంటూ రైల్వే క్వార్టర్సుకి వచ్చిన మనిషి. గుమ్మంలో నిలబడే గది నాలుగు మూలలూ కళ్లతో వెతికింది. గోడకి పైన, శ్లాబుకి జానెడు కింద, వాలుగా తెరుచుకుని ఉన్న వెంటిలేటర్ కనిపించింది. అంతే, ఆమె భయానికి ఒక చోటు దొరికింది.

మంచం మీద పడుకున్న శాంతిప్రియ నీరసంగా నవ్వింది. "ముందు నీ మనవరాల్ని సూడమ్మా. కన్నాన్ని తరవాత సూద్దువు."

"సూసే అంటన్నాను. ముక్కు ఎర్రగయిపోనాది."

"పుట్టినప్పట్నించీ దాని ముక్కు అంతే."

"పుట్టినప్పట్నించీ సలి తగలతంది గావాల."

కానుపు పుట్టింట్లోనే జరగాల్సింది. నెలలు నిండే వేళకి శాంతిప్రియకి బీపీ ఎక్కువైంది. ఘాట్ రోడ్డు మీద కుదుపులు పనికిరావని డాక్టరు చెప్పేసరికి, కూతురు కిందికి దిగడం మానేసింది. పురుడు కోరాపుట్ ఆసుపత్రిలోనే పోశారు. పుట్టిల్లే సంచి కట్టుకుని కొండెక్కింది. సంచిలో బాలింతకి పెట్టే కాయం ముద్ద, వాము, వెల్లుల్లి, సాంబ్రాణి, పిల్ల కింద వేయడానికి మెత్తబడిన పాత నూలు చీరలు. వాటి మధ్య ఆరిన పిడకలు కూడా పెట్టబోతే భర్త త్రినాథరావు ఆపాడు. "ఒలే, రైలోళ్లు నిన్ను దించేస్తారు. నువ్వు భయపడని రోజు ఒక్కటి సెప్పు, పంచాంగంలో రాసుకుంటాను" అన్నాడు.

దారిలో ప్రతి సొరంగానికీ ముందు ఆమె కిటికీ దించేసింది. ఎదురు సీటాయన నవ్వాడు, ఇప్పుడన్నీ కరెంటు ఇంజన్లేనమ్మా, పొగ ఎక్కడిదని. పొగ లేకపోతే చలి లేదా అని ఆమె మనసులో అనుకుని, దించిన కిటికీని ఎత్తలేదు.

అల్లుడు శ్రీహరి సిగ్నళ్ల పని చేస్తాడు. ఆ సొరంగాల మధ్య ఒక చిన్న స్టేషన్‌లో డ్యూటీ. వెళ్తే మర్నాటికి గానీ రాడు. మంచివాడు, తక్కువ మాటలవాడు. అత్తగారు మెడ ఎత్తి వెంటిలేటర్ వంకే చూస్తుంటే, బూట్లకి తాళ్లు కట్టుకుంటూ అన్నాడు.

"అది ఉండాలత్తయ్యా. గదిలో వేడీ, పాడుగాలీ పైకెక్కి అందులోంచే పోతాయి. రెండు గోడలకీ ఉన్నాయి చూడండి. ఒకదాన్లోంచి వస్తే ఇంకోదాన్లోంచి పోవాలి. లేకపోతే గది ఉక్కపోస్తుంది."

"ఉక్కా? ఈ ఊళ్లోనా? నా పళ్లు టకటకలాడతన్నాయి బాబూ."

అతను నవ్వి, స్వెట్టరు మీద జాకెట్టు వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు. మగాళ్లకి బాలింత సంగతి ఏం తెలుస్తుందిలే అనుకుంది తవిటమ్మ. అతని బండి చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, సంచిలోంచి ఒక పాత చీర తీసి, పంటితో అంచు కొరికి రెండుగా చింపింది. స్టూలెక్కి ఒక ముక్క వరండా వైపు పైకిటికీలో కుక్కింది. రెండోది వంటింటి వైపు దాంట్లో కుక్కింది. దిగేటప్పుడు మోకాలు కలుక్కుమంది. అయినా ఆ పూటకి కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది ఆమెకి.

ఆమె ఊళ్లో ఇల్లు పెంకుటిల్లు. గోడకీ కప్పుకీ మధ్య చెయ్యి దూరేంత సందు. పొద్దున్నే పొయ్యి రాజేస్తే పెంకుల సందుల్లోంచి పొగ లేచి, దూరం నించి చూస్తే ఇల్లంతా ఇడ్లీ పాత్రలా ఆవిరి కక్కుతూ కనిపించేది. ఆ ఇళ్లలో ఎంతమంది బాలింతలకి మంచం కింద కుంపటి పెట్టలేదు? ఎంతమంది తలలకి సాంబ్రాణి పొగ వేయలేదు? తలుపులు మూసినా, గోనెలు కట్టినా, ఏ తల్లికీ ఏ పిల్లకీ నలతన్నది లేదు. శాంతిప్రియ అలాంటి గదిలోనే పుట్టి పెరిగింది.

శాంతిప్రియ కంటే ముందు పుట్టినవాడి సంగతి వేరు.

వాడు పుష్యమాసంలో పుట్టాడు. ఆ ఏడాదే మామగారు పెరటి వైపు శ్లాబు గది ఒకటి వేయించారు. ఊళ్లో మొదటి డాబా అది. పెద్ద కోడలు, మొదటి కానుపు, మగపిల్లాడు. ఆ ముచ్చటతో అత్తగారు సింహాచలమ్మ కొత్త గదిలోనే పురుటి మంచం వేయించింది. కుంపటి పెట్టించి, కిటికీ బిగించింది. ఒక తెల్లవారుజామున తవిటమ్మకి తల పగిలిపోతున్నట్టూ, వాంతొచ్చేట్టూ అయింది. తట్టుకోలేక పాకుతూ వెళ్లి కిటికీ రెక్క బెత్తెడు తీసి, ఊచలకి మొహం ఆనించి కాసేపు నిలబడింది. మంచం దగ్గరికి వచ్చేసరికి వాడు లేవలేదు. ఎంత కుదిపినా లేవలేదు.

"నువ్వే కిటికీ తీసేవు. గాలి పోసీసేవు గుంటడికి" అంది అత్తగారు. ఆ మాట ఒక్కసారే అంది. మళ్లీ అనాల్సిన అవసరం రాలేదు. ఆ గదిలో ఇప్పుడు ఎరువు బస్తాలు వేసుకుంటున్నారు. తవిటమ్మ దాని గడప తొక్కదు. శాంతిప్రియ కడుపున పడ్డప్పుడు, నాకు పెంకుటింట్లోనే మంచం వేయండి, ఆ కిటికీ గది వద్దు అని ఏడ్చి మరీ అడిగింది. కిటికీ అంటే ఆమెకి అప్పట్నించీ తలుపు సందులోంచి చూసే దొంగ లాంటిది.

అందుకే ఇప్పుడు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆమెకి ఒకటే పని. నీళ్లు కాచాలి, కూతురికి నలుగుపెట్టి పోయాలి, పిల్లని కాళ్ల మీద వేసుకుని పోయాలి, తడిబట్టలు ఉతకాలి. ఆ మంచులో బట్టలు ఆరవు. వంటింట్లో తీగ మీద వేసి పొయ్యి సెగకి ఆరబెట్టాలి. పథ్యం వండాలి. ఇవన్నీ అయ్యాక వరండాలో కుంపటి రాజేయాలి. అందులో ఆమె జాగ్రత్త ఆమెకుంది. పొగ పిల్ల కళ్లకి మంచిది కాదని, పొగంతా పోయి బొగ్గులు కణకణలాడేదాకా చలిలోనే గొంతుక్కూచుని విసిరేది. పొగ చుక్క కూడా లేదనుకున్నాకే లోపలికి తెచ్చి మంచం కింద పెట్టి, తలుపు మూసి, కింది సందులో గోనెసంచి చుట్టి అడ్డం పెట్టేది. నడుము విరిగిపోయేది. రాత్రి నిద్ర ఉండేది కాదు, పిల్ల ఊపిరి ఆడుతుందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటమే సరిపోయేది.

ఇంతలో శాంతిప్రియకి తలనొప్పి మొదలైంది.

"తల దిమ్ముగా ఉందమ్మా. లేస్తే కళ్లు తిరగతన్నాయి. వాంతి వచ్చీటట్టుంది."

తవిటమ్మ గబగబా మంచం దగ్గరికి వచ్చింది. "గాలి సోకీసింది. నాను సెప్తే ఇన్నావా? సెవుల్లో దూది తీసీసేవు కదా?"

"తీయలేదే. పెరట్లోకి స్నానానికి ఎల్లినప్పుడు బాగుంటంది. వచ్చి పడుకుంటే మళ్లీ మొదలు."

"అదే అంటన్నాను. స్నానాల గదిలో గాలి తగలతంది, ఇక్కడికొచ్చేక పట్టీస్తంది."

ఆ పూట ఆమె వరండా వైపు పైకిటికీ చుట్టూ ఉన్న సన్నని సందుల్లోకి కూడా చీర పీలికలు దూర్చింది. కుంపట్లో రెండు గుప్పెళ్ల బొగ్గులు ఎక్కువ వేసింది. మర్నాడు నొప్పి ఇంకా పెరిగింది. ఆమె కిటికీ రెక్కల మీద మందపాటి రగ్గు కట్టింది. శ్రీహరి డ్యూటీ నించి వచ్చినా, పురిటి గదిలోకి రానీయక పిల్లని గుమ్మంలోంచే చూపించేది. నొప్పి పెరిగిన కొద్దీ గుడ్డలు పెరిగాయి.

పక్క క్వార్టర్లో లిప్సా ఉండేది. ఒడియా పిల్ల, పెళ్లై వచ్చి కొన్నేళ్లయింది. పుట్టింది ఆంధ్రా సరిహద్దున బంధుగాం వైపు కాబట్టి తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేది, తవిటమ్మని మాత్రం ఒడియాలోనే, పిన్నీ అన్నట్టు, మావుసీ అనేది. వెల్లుల్లి వేయించి గిన్నెలో పట్టుకొచ్చి, శాంతిప్రియని చూస్తానంటూ తలుపు తోయబోయింది. తవిటమ్మ అడ్డం నిలబడింది.

"ఇప్పుడే పడుకుంది. తలుపు తీస్తే గాలి."

"మావుసీ, నిన్న నేను లోపల వచ్చినప్పుడు నాకు కూడా తల తిరిగింది. గది బందు. కొంచెం తెరువు. గాలి ఆడాలి కదా."

"నీకు పిల్లల్నేరు. నీకేటి తెలుస్తాది అమ్మీ, బాలింత సంగతి?"

అన్నాక ఆమెకే నాలుక చేదుగా అనిపించింది. లిప్సా గిన్నె గట్టు మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్లిపోయింది. సాయంత్రం పిలిచి ఏదైనా పెట్టాలి అనుకుంది తవిటమ్మ. సాయంత్రానికి పనుల్లో ఆ సంగతి మరిచిపోయింది.

ఆ రోజు పొద్దెక్కినా మంచు విడలేదు. కొండలు కనిపించడం లేదు. లైను మీద వెళ్తున్న గూడ్సు బండి చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తల్లికీ పిల్లకీ స్నానాలయ్యాయి. సాంబ్రాణి వేసింది. కుంపటి లోపల పెట్టింది. పాలు తాగుతూనే పిల్ల నిద్రపోయింది. "తల పగిలిపోతందమ్మా, కాసేపు పడుకుంటాను" అని శాంతిప్రియ కూడా గోడ వైపు తిరిగింది. పడుకుంటే తగ్గుతుందిలే అని తవిటమ్మ తలుపు మూసి, గోనెసంచి సందులో దూర్చి, బయట పీట వేసుకుని తలుపుకే వీపు ఆనించి కూచుంది. ఎవరైనా వచ్చి తెరుస్తారేమోనని. చేటలో వెల్లుల్లి రెబ్బలు ఒలుస్తూ కూచున్న ఆ కాసేపే ఆమె రోజులో కాళ్లు చాపుకున్న వేళ. కళ్లు మూతలు పడుతున్నాయి.

లోపల ఫోను మోగింది.

అల్లుడే అయి ఉంటాడు. డ్యూటీలో పని లేనప్పుడల్లా చేస్తాడు. పిల్ల లేస్తుందే, తీయదేం ఇది అని విసుక్కుంది. ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది. శ్రీహరి పెట్టించిన పాట, గట్టి డప్పు దరువు. గోడలు అదిరేలా మోగుతోంది. చేటలో వేలు ఆగిపోయింది తవిటమ్మకి. ఆమె చెవులు అప్పుడు ఫోను కోసం వినడం లేదు. ఫోను మోతకి లేచి ఏడవాల్సిన గొంతు కోసం వింటున్నాయి. స్పూను కింద పడితే ఉలిక్కిపడే పిల్ల. బయట కుక్క మొరిగితే గుక్కపెట్టే పిల్ల.

పిల్ల ఏడవలేదు.

చేట బోర్లాపడింది. గోనెసంచి తన్ని తలుపు తోసింది. వెచ్చని గాలి, ముద్దలా మొహానికి తగిలింది. పొగ లేదు. వాసన కూడా లేదు, సాంబ్రాణిది తప్ప. కుంపట్లో బొగ్గులు పూలలా ఎర్రగా ఉన్నాయి. "అమ్మీ" అంది. శాంతిప్రియ కళ్లు తెరిచింది. ఆ కళ్లు ఆమెని చూడలేదు. నోటి చివర తెల్లగా చొంగ. తవిటమ్మ పిల్లని ఎత్తింది. మెడ వాలిపోయింది, తడిగుడ్డలా.

ఎత్తుకుని గుమ్మందాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా వరండా. వరండా అవతల తెల్లటి మంచు, కత్తిలాంటి గాలి. ఒంటి మీద పల్చటి గుడ్డతో ఉన్న పసిగుడ్డు. ఆమె కాళ్లు గడప దగ్గర దిగబడిపోయాయి. ఎన్నేళ్లుగానో చెవిలో ఉన్న ఆ గొంతు, నువ్వే తీసేవు అన్న గొంతు, మళ్లీ మొదలవబోయింది. అంతలో ఆమె తల కూడా గిర్రున తిరిగింది. గుండెల్లో ఊపిరి అందలేదు. ఆమె ఆలోచించి చేసిన పని కాదు. మునిగిపోయేవాడు నీళ్లు చీల్చుకుని పైకి వచ్చినట్టు, పిల్లతో సహా వరండాలోకి పడింది. గాలికి మొహం పెట్టి, పిల్ల మొహం కూడా పెట్టి, "లిప్సా! ఓ లిప్సమ్మా!" అని కేక వేసింది.

లిప్సా చేతిలో అట్లకాడతోనే పరిగెత్తుకొచ్చింది. ఒక్క చూపు చూసి లోపలికి దూకింది. పరుపుతో సహా శాంతిప్రియని గుమ్మం దాకా లాగింది. తవిటమ్మ రెండో కొస పట్టుకుంది. వరండా గచ్చు మీద, ఆ మంచు గాలిలో, ముగ్గురు ఆడవాళ్లూ ఒక పిల్లా. పిల్ల తుమ్మింది. చిన్న తుమ్ము. తరవాత మొహం ఎర్రగా చేసుకుని గుక్క పట్టింది. అంత కమ్మటి ఏడుపు తవిటమ్మ ఎప్పుడూ వినలేదు. శాంతిప్రియ మూలిగి, పక్కకి తిరిగి వాంతి చేసుకుంది.

పెద్దాసుపత్రిలో తల్లికీ పిల్లకీ ఆక్సిజన్ పెట్టారు. శ్రీహరి గూడ్సు బండి గార్డు పెట్టెలో కూచుని వచ్చాడు. డాక్టరమ్మ వయసులో చిన్నది. ఒడియాలో అడిగి, తవిటమ్మకి అర్థం కావాలని శ్రీహరితో తెలుగులో చెప్పించింది.

"ఎర్రగా కాలే బొగ్గులోంచి ఒక విషగాలి పుడుతుందటత్తయ్యా. దానికి పొగ ఉండదు, వాసన ఉండదు. గది మూసేస్తే పోయే దారి లేక మనిషి ఒంట్లోనే చేరుతుందట. అందుకే తలనొప్పి. అందుకే స్నానానికి బయటికెళ్తే తగ్గేది. ఇంకాసేపు ఆగి ఉంటే..."

అతను మాట మార్చాడు. "ఇప్పుడు పర్వాలేదన్నారు. ఇద్దరికీ పర్వాలేదు" అన్నాడు.

తవిటమ్మ తల ఊపింది. ఇంకాసేపు ఆగి ఉంటే అన్నచోటే ఆమె మాట ఆగిపోయింది.

ఇంటికొచ్చాక శ్రీహరి స్టూలెక్కి రెండు పైకిటికీల్లోంచీ చీర ముక్కలు లాగాడు. దుమ్ము రాలింది. ఆ ముక్కలు పారేయకుండా దులిపి, మడతపెట్టి కుర్చీ మీద ఉంచాడు. వెంటిలేటర్‌కి తెగిపోయి ఉన్న తాడు తీసి కొత్త తాడు కట్టాడు. ఒక్క మాట అని ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. కిందికి దిగి, "అన్నం తిన్నారా అత్తయ్యా?" అన్నాడు. ఆమె పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

ఆ పూట నించి ఆ ఇంట్లో తవిటమ్మ గొంతు వినపడలేదు. పనులన్నీ చేస్తోంది. నీళ్లు కాస్తోంది, వండుతోంది, ఉతుకుతోంది. కానీ ఆ గది గడప తొక్కడం లేదు. పిల్లని ముట్టుకోవడం లేదు. గిన్నె గుమ్మం దగ్గర పెట్టి జరిగిపోతోంది. పిల్లకి స్నానం లిప్సా చేయిస్తోంది. లిప్సా పిల్ల కాళ్లు తోముతుంటే తవిటమ్మ తలుపు చాటునించి చూసేది. నీళ్లు చెవిలోకి పోతాయేమో, మెడ కింద చెయ్యి పెట్టు, అని లోపల్నించి తన్నుకొచ్చేది. చెప్పే అర్హత పోయిందనుకుని మింగేసేది. లిప్సా బయటికి రాగానే వేడి టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని ఒక్క క్షణం ఎక్కువగా పట్టుకునేది. "ఉండనీ మావుసీ" అనేది లిప్సా.

త్రినాథరావు ఊరినించి ఫోను చేశాడు. "ఏటే, మనవరాలు బాగుందంట కదా. ఇంక కొత్త భయం ఏటైనా ఉంటే సెప్పు, ఇంటాను." ఆమె ఫోను చెవికి ఆనించుకునే ఉంది. "ఒలే. పలకవేటి? ... తిట్టవేటే నన్ను?" ఆయన గొంతులో నవ్వు ఎటో పోయింది. తవిటమ్మ ఫోను మెల్లగా బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లింది.

శ్రీహరి మళ్లీ డ్యూటీకి వెళ్లే రోజు వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆమె సంచి సర్దింది. కాయం మిగిలింది, అది డబ్బాలో పెట్టి గట్టు మీద ఉంచింది. మిగిలిన చీరలు పిల్లకని ఉంచేసింది. తన బట్టలు మాత్రం సంచిలో పెట్టుకుని, మర్నాటి రాయగడ రైలు ఎన్నింటికో అడగడానికి ఎవర్ని పలకరించాలో తెలియక వంటింట్లో కూచుంది. ఎక్కడ తనుంటే అక్కడ ఏదో ఒకటి అవుతోంది. దూరంగా ఉంటే పిల్లైనా బతుకుతుంది. అంతకు మించి ఆమెకి ఏమీ తోచలేదు. అలసిపోయింది.

"అమ్మా. ఒకపాలి ఇలగ రా."

వెళ్లి గడప బయట నిలబడింది. పిల్ల మంచం మీద పడుకుని గాలిలో చేతులు ఆడిస్తోంది. పైకిటికీలోంచి ఒక పలక వెలుతురు గోడ మీద పడింది. మధ్యాహ్నపు గాలికి కొత్త తాడు కొంచెం కొంచెం ఊగుతోంది.

"సంచి సర్దీసేవంట. లిప్సా సెప్పింది."

తవిటమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"ఎల్తే ఎల్లు. నాను ఆపను. నువ్వెల్లిపోతే దీనికి నీళ్లు పొయ్యడం నాకు రాదు, ఆయనికి రాదు. అయినా ఆపను. ఒకటి సెప్పీసి ఎల్లు." శాంతిప్రియ మోచేతి మీద లేచింది. ఇంకా మొహంలో రంగు రాలేదు. "అన్నయ్య పుట్టినప్పుడు నువ్వు పడుకున్నది డాబా గదిలోనే కదా? ఇప్పుడు ఎరువు బస్తాలేసిన గది. శ్లాబు గది."

తవిటమ్మ ద్వారబంధం పట్టుకుంది.

"కుంపటి ఉండీదా మంచం కింద?"

తవిటమ్మ కళ్లు మంచం కిందికి వెళ్లాయి.

"నీకు తల పగిలిపోయిందని, వాంతొచ్చిందని, అందుకే కిటికీ తీసేనని నా సిన్నప్పుడు ఒకపాలి మేనత్తతో ఏడస్తూ సెప్పేవు. నాను నిద్రపోతన్నాననుకున్నావు. నాకు గుర్తే. ఆసుపత్రిలో ఆ గొట్టం ముక్కుకి పెట్టుకుని పడుకున్నంతసేపూ నాకదే గుర్తొచ్చింది. నాకొచ్చిన నొప్పే కదమ్మా నీకూ వచ్చినాది?"

బయట లైను మీద ఏదో బండి వెళ్తోంది. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. తవిటమ్మ కళ్ల ముందు సున్నం వాసన ఆరని కొత్త గోడ, బిగించిన కిటికీ, కణకణలాడే కుంపటి. ఇనప ఊచలు బుగ్గకి తగిలిన చల్లదనం. ఆ చల్లదనంలో నిలబడ్డ కాసేపూ ప్రాణం లేచి వచ్చినట్టు హాయిగా ఉండటం, ఆ హాయిని తల్చుకుని ఇన్నేళ్లూ తనని తాను అసహ్యించుకోవడం.

"డాక్టరమ్మని అడిగేను. అన్నేళ్ల కిందటి మాట ఎవులు సెప్పగలరు, తెలీదు అంది. నిజమే, మనకి తెలీదు. మరి నాన్నమ్మకి మాత్రం ఏటి తెలుసని సెప్పీసింది?" శాంతిప్రియ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఆయాల నువ్వు ఆ కిటికీ తీయకపోతే నువ్వు కూడా లేచీదానివి కాదేమో. నాను పుట్టీదాన్ని కాదు. ఇదీ ఉండీది కాదు."

తవిటమ్మ గడప మీద బయటికి తిరిగి కూచుంది. బండి వెళ్లిపోయింది. దాని చప్పుడు కొండల్లోకి దూరి, మళ్లీ ఎక్కడో బయటపడి, పూర్తిగా పోయింది. గోడ మీది వెలుగు పలక పక్కకి జరిగి మంచం కోడు దాకా వచ్చింది. వంటింట్లో పొయ్యి మీద పెట్టిన నీళ్లు మరిగి మరిగి మూత టపటపలాడింది. దాన్ని దించడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు. తవిటమ్మ ఏడుస్తోందో లేదో వెనకనించి తెలియడం లేదు. భుజాలు మాత్రం, చాలా దూరం మోసిన మూట దించాక కదిలినట్టు, ఒకసారి కదిలాయి.

చల్లగాలి ఒకటి పైకిటికీలోంచి దిగింది. పిల్ల తుమ్మింది.

శాంతిప్రియ పైకి చూసింది. చెయ్యి చాచి తాడు అందుకుంది. "సలిగా ఉంది. మూసీమంటావా, అమ్మా?"

బొంగురుపోయిన గొంతు ఒకటి, వాడక తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు, గడప దగ్గర్నించి వచ్చింది.

"వద్దు. ఒగ్గీ ఆ తాడు." తవిటమ్మ గడప పట్టుకుని లేచి, లోపలికి వచ్చింది. "అలగే ఉండనీ దాన్ని. టోపీ ఏదీ? మేజోళ్లు ఎవులు తీసీసేరు? ఇలగియ్యి సంటిదాన్ని. సూడు, ముక్కు ఎర్రగయిపోనాది."